దగ్గని క్షయను వెతకడం: ఎక్స్‌రే నుంచి మొదటి మాత్ర దాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 1.08 కోట్ల మందికి క్షయ వచ్చింది. కొత్తగా నిర్ధారణ అయి రిజిస్టర్లకెక్కినవాళ్లు మాత్రం 82 లక్షలు. మిగతావాళ్లలో కొందరు వివరాలు పంపని ప్రైవేటు డాక్టర్ల దగ్గర మందులు వాడుతుంటారు. చాలామందికి తమకు జబ్బున్నట్టే తెలియదు. వాళ్లంతట వాళ్లు వస్తారని కూర్చుంటే లాభం లేదు, మనమే వెళ్లాలి.

వెళ్లేముందు మందుల గది చూడండి. దొరకబోయే ప్రతి రోగికీ పూర్తి కోర్సు సరిపోయే నిల్వ లేకపోతే క్యాంపు వాయిదా వేయడమే మేలు.

ముందు చూడాల్సింది ఇప్పటికే రోగి ఉన్న ఇళ్లు. తర్వాత హెచ్ఐవీ ఉన్నవాళ్లు, జైళ్లు, సిలికా ధూళిలో (రాళ్లు, ఇసుక నుంచి లేచే సన్నని పొడిలో) పనిచేసేవాళ్లు. ఊరు మొత్తాన్ని పరీక్షించడం లక్షకు 500 మందికి పైగా రోగులున్న చోటే గిట్టుబాటు. ఎందుకో లెక్క వేసి చూడండి. అలాంటి చోట 10,000 మందిని చూస్తే అసలు రోగులు 50 మంది. మీ మొదటి పరీక్ష రోగుల్లో 90 శాతాన్ని పట్టుకుని, జబ్బు లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుందనుకుందాం. రోగులు 45 మంది దొరుకుతారు, వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని 995 మందికి కూడా ‘అనుమానం’ అని వస్తుంది. అందుకే మొదటి జల్లెడ ఫలితం చూసి ఎవరికీ మందు మొదలుపెట్టకూడదు.

రెండు వారాల దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. ఈ నాలుగూ అడగాల్సిందే, కానీ అక్కడితో ఆగితే సగం మంది జారిపోతారు. చాలా దేశాల సర్వేల్లో తెమడలో క్రిములున్నవాళ్లలో దాదాపు సగం మంది ఏ లక్షణమూ చెప్పలేదు. కాబట్టి లక్షణాలున్నా లేకున్నా ఛాతీ ఎక్స్‌రే తీయండి. 15 ఏళ్లు దాటినవాళ్ల ఫిల్మును కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో చదివించవచ్చు. అది ఇచ్చే స్కోరుకు గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం మీ ప్రాంతపు ఫలితాలు చూసే తేల్చుకోవాలి. గీత మరీ కిందికి దించితే తెమడ పరీక్షకు వాడే కార్ట్రిడ్జులు (మనిషికొకటి చొప్పున ఖర్చయ్యే చిన్న డబ్బీలు) అయిపోతాయి, పైకి జరిపితే రోగులు తప్పిపోతారు. పాత క్షయ మచ్చలున్నవాళ్లకు స్కోరు ఊరికే పెరుగుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు నాలుగు లక్షణాల్లో ఏ ఒక్కటి ఎన్నాళ్ల నుంచి ఉన్నా పరీక్ష చేయాలి.

అనుమానం వచ్చినవాళ్ల దగ్గర తెమడ తీయాలి. పని ఎక్కువగా చెడేది ఆ తెమడ డబ్బా దగ్గరే. పేరు, నంబరు డబ్బా ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. ల్యాబులో మూతలు మారిపోతే ఒకరి జబ్బు ఇంకొకరి పేరున పడుతుంది. నోరు నీళ్లతో పుక్కిలించమనండి. ఆరుబయట నిలబెట్టి, రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి కాసేపు బిగబట్టి వదలమని, మూడోసారి లోపలి నుంచి దగ్గమని చెప్పండి. రోగి వైపు నుంచి గాలి మీ మీదికి వీచే చోట నిలబడకండి. 3 నుంచి 5 మిల్లీలీటర్లు కావాలి. చిక్కగా, జిగటగా ఉంటే తెమడ. నురగ తేలి నీళ్లలా ఉంటే అది ఉమ్మి, ఇంకోసారి అడగండి. పొద్దున లేవగానే తీసింది మంచిది. వెంటనే ల్యాబుకు పంపలేకపోతే 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచండి.

సూక్ష్మదర్శినిలో కనబడాలంటే మిల్లీలీటరుకు 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. తొలి దశ రోగిలో అన్ని ఉండవు కాబట్టి తెమడకు చేసే మొదటి పరీక్షే జీన్‌ఎక్స్‌పర్ట్ లాంటి మాలిక్యులర్ పరీక్ష (క్రిమి జన్యు పదార్థాన్ని వెతికేది) కావాలి. రెండు గంటల్లోపు ఫలితంతోపాటు క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది. దీనిలోనే మరింత సున్నితమైన రకం అల్ట్రా కార్ట్రిడ్జులో ‘ట్రేస్’ (క్రిమి జాడ అతి కొద్దిగా ఉంది) అని వస్తే జాగ్రత్త. గతంలో క్షయకు మందులు వాడినవాళ్లలో అది చచ్చిన క్రిముల ఆనవాలు కూడా కావచ్చు. తెమడ తీయలేని పిల్లలకు మలంతో పరీక్ష చేయవచ్చు. నెగెటివ్ వచ్చినా ఎక్స్‌రే, లక్షణాలు క్షయనే చెబుతుంటే నిర్ణయం డాక్టరుది. ఈలోగా ‘చూద్దాం’ అని లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాయడం పెద్ద తప్పు. అది క్షయ క్రిమిని కొంతకాలం అణచి, నిర్ధారణను దాచేస్తుంది.

పాజిటివ్ వచ్చినవాళ్లు మొదటి మాత్రకు ముందే మాయమవడం మామూలే. తెమడ తీసేటప్పుడే రెండు ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తులు రాసుకోండి. ఫలితం వచ్చిన రోజే ఫోన్ చేయండి. హెచ్ఐవీ, షుగరు పరీక్షలు చేసి, బరువు తూచి మోతాదు కట్టండి. పెద్దవాళ్లకు కిలోకు ఐసోనియాజిడ్ 5 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 10, పైరజినమైడ్ 25, ఇథాంబ్యుటాల్ 15. నాలుగూ 2 నెలలు, ఆపై మొదటి రెండూ 4 నెలలు, రోజూ. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పకపోతే రోగి భయపడి మానేస్తాడు. కళ్లు పచ్చబడినా, ఆగని వాంతులైనా, చూపు మసకబారినా మాత్రలు ఆపి అదే రోజు రావాలి. రెండో నెల చివర తెమడ మళ్లీ పరీక్షించండి.

రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి అని తేలితే ఈ కోర్సు మొదలుపెట్టొద్దు. 14 ఏళ్లు నిండిన చాలామందికి ఆరు నెలల బీపాల్‌ఎమ్ (బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన కోర్సు) సరిపోతుంది, దానికి వేరే కేంద్రానికి పంపాలి.

కోర్సు మొదలైన వారంలోపే ఆ ఇంటికి వెళ్లండి. ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లను ముందు చూడండి. జబ్బు లేదని తేలినవాళ్లకు నివారణ మందు ఇవ్వండి. పెద్దవాళ్లకు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒకసారి చొప్పున 12 మోతాదులు.