ముసురు పట్టకముందే మీ కన్‌స్ట్రక్టర్లు తెరిచి చూడండి

ఈమధ్య ఒక రొయ్యల చెరువు మీద ఆక్సిజన్ అలారం రాత్రంతా మోగలేదు. సెన్సర్ బాగానే ఉంది, సిమ్‌కి సిగ్నల్ ఉంది, కరెంటూ పోలేదు. తప్పు ప్రోగ్రామ్‌లో ఉంది, అదీ ఆబ్జెక్ట్ తయారయ్యే క్షణంలో నడిచే కన్‌స్ట్రక్టర్‌లో. ముసురు రోజుల్లో ఎండ తగ్గి నీళ్లలో పగలు ఆక్సిజన్ సరిగా తయారవదు, తెల్లవారుజాముకల్లా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా చెరువులకు, కాలువ మట్టాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లందరికీ ఈ మాట. బ్యాటరీలు, బ్యాకప్‌లు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కన్‌స్ట్రక్టర్‌లోంచి ఓవర్‌రైడ్ అయ్యే (చైల్డ్ క్లాస్ తనకు తగ్గట్టు తిరిగి రాసుకోగల) మెథడ్‌ను పిలవొద్దు.

ఎందుకో చూడండి. డీవో హద్దు కంటే దిగితే మోగాల్సిన అలారానికి పునాది అయిన బేస్ క్లాస్ తన కన్‌స్ట్రక్టర్‌లో ‘హద్దు’ అనే మెథడ్‌ను పిలిచి, వచ్చిన అంకెను దాచుకుంటుంది. దాని మీద కట్టిన రొయ్యల చెరువు చైల్డ్ క్లాస్ ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, రైతు ఎంచుకున్న 4.0ను (లీటరుకు 4 మిల్లీగ్రాములు) తన ఫీల్డ్‌లోంచి ఇస్తుంది. చదివితే ఏ తప్పూ కనపడదు. కానీ జావాలో వరుస ఇదీ: ముందు ఫీల్డులన్నీ సున్నా, తర్వాత బేస్ కన్‌స్ట్రక్టర్, ఆ తర్వాతే చైల్డ్ ఫీల్డుల విలువలు, ఆఖరున చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో మిగిలిన లైన్లు. బేస్ పిలిచినప్పుడు నడిచేది చైల్డ్ మెథడే, కానీ అప్పటికి ఆ ఫీల్డ్‌లో ఉన్నది 0.0. డీవో సున్నా కంటే కిందికి దిగదు కాబట్టి ఆ అలారం ఇక ఎన్నటికీ మోగదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు.

అదే కోడ్ హద్దు దాటితే మోగాల్సిన వరద మట్టానికి వాడితే తప్పు తిరగబడుతుంది. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. హద్దు సున్నా అయితే ఏ మట్టానికైనా మెసేజ్ వెళ్తుంది. రెండు రోజులు ఊరికే మోగిన అలారాన్ని లంకల్లో మూడో రోజు ఎవరూ పట్టించుకోరు. అసలు వరద వచ్చేది అప్పుడే కావచ్చు.

టెస్టులో ఇది ఎందుకు దొరకదంటే, ఫీల్డ్‌ను ఫైనల్ చేసి 4.0 అని అక్కడే రాస్తే జావా కంపైలర్ ఆ అంకెను వాడిన చోటల్లా నేరుగా దించేస్తుంది, అంతా సరిగ్గానే నడుస్తుంది. ఆ అంకెను సెట్టింగుల నుంచి చదివేలా మార్చిన రోజున సున్నా బయటపడుతుంది. ఇంకో రకం మరీ చెడ్డది: ఓవర్‌రైడ్ చేసిన మెథడ్ ఒక లిస్టులో సెన్సర్లను నింపుతుంది, బేస్ పని ముగిశాక చైల్డ్ ఫీల్డ్ పక్కన రాసిన ‘నల్’ నడిచి ఆ లిస్టును తుడిచేస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో వేరు. బేస్ కన్‌స్ట్రక్టర్ నడిచినంతసేపూ ఆబ్జెక్ట్ బేస్ రకమే, చైల్డ్ మెథడ్ దాకా పిలుపు పోదు. ప్యూర్ వర్చువల్ (బేస్‌లో కోడ్ రాయకుండా చైల్డ్‌కు వదిలిన మెథడ్) అయితే చాలాసార్లు ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్‌లోనూ ఇంతే: ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆపే పనిని బేస్ డిస్ట్రక్టర్‌కు వదిలితే చైల్డ్‌లో రాసిన ఆపే కోడ్ నడవదు. సీ షార్ప్‌లో ఫీల్డ్ పక్కన రాసిన విలువలు ముందే వచ్చేస్తాయి, కన్‌స్ట్రక్టర్ లోపల పెట్టినవి రావు. సగం సరిగ్గా ఉంటుంది గనుక ఎక్కువ మోసపోయేది ఇక్కడే. పైథాన్ అట్రిబ్యూట్ లేదని ఎర్రర్ ఇస్తుంది, అది నయం. క్లాస్ స్థాయిలో అదే పేరుతో డిఫాల్ట్ ఉంటే అదీ చెప్పదు.

దారి సులువే. విలువ కావాలంటే చైల్డ్ దాన్ని సూపర్‌కి (బేస్ కన్‌స్ట్రక్టర్‌కి) ఆర్గ్యుమెంట్‌గా పంపాలి. పని జరగాలంటే ‘ప్రారంభించు’ అని వేరే మెథడ్ పెట్టి, ఆబ్జెక్ట్ పూర్తయ్యాక దాన్ని పిలవాలి. పిలవడం మరిచిపోతారని భయముంటే, తయారుచేసి ప్రారంభించి ఇచ్చే స్టాటిక్ మెథడ్ ఒకటే బయటికి చూపించండి, కన్‌స్ట్రక్టర్‌ను దాచండి. జావా 25 నుంచి సూపర్ పిలుపుకు ముందే ఫీల్డ్‌లో విలువ పెట్టొచ్చు, కానీ రేపు ఇంకొకరు రాసే చైల్డ్ ఆ పని చేయకపోతే మళ్లీ 0.0. బేస్‌లోనే బాగుచేయండి.

కన్‌స్ట్రక్టర్ పిలిచే ప్రైవేట్ మెథడ్ లోపలికీ వెళ్లి చూడండి, ఓవర్‌రైడ్ అయ్యే పిలుపు అక్కడ దాక్కుంటుంది. కన్‌స్ట్రక్టర్‌లో థ్రెడ్ మొదలుపెట్టొద్దు. ‘దిస్’ను (తయారవుతున్న ఆబ్జెక్ట్‌నే) లిజనర్‌గా ఎవరికీ ఇవ్వొద్దు, సగం తయారైన ఆబ్జెక్ట్ బయటికి పోతుంది. జావా 21 నుంచి ఉన్న దిస్-ఎస్కేప్ లింట్ (కంపైలర్ హెచ్చరిక) ఆన్ చేయండి. సీ షార్ప్‌లో ఇదే తప్పును చూపే సీఏ2214 హెచ్చరికను ఆన్ చేయండి. కాట్లిన్‌లో ఓపెన్ మెథడ్ కన్‌స్ట్రక్టర్‌లో ఉందని ఎడిటర్ పసుపు గీత పెడితే దాన్ని దాటిపోవద్దు, నల్ కాదని రాసిన ఫీల్డ్ కూడా అక్కడ నల్‌గా దొరుకుతుంది. ఓవర్‌రైడ్ అక్కర్లేని మెథడ్‌ను ఫైనల్ చేయండి, దాని లోపలి పిలుపులు కూడా చూడండి. హద్దు సున్నా అయితే ప్రోగ్రామ్ స్టార్ట్ కావొద్దు. ‘మా చైల్డ్ ఒక్కటే కదా’ అనుకోవద్దు. చెరువు మీద పెట్టేముందు 3.5 పంపండి, అలారం మోగాలి. 4.5 పంపండి, మోగకూడదు. సెట్టింగుల్లో హద్దు మార్చి, రీస్టార్ట్ చేసి, కొత్త హద్దుకు కింద ఒకటి, పైన ఒకటి మళ్లీ పంపండి. ప్రతి స్టార్ట్‌లో హద్దును లాగ్‌లో రాయించండి. అక్కడ 0.0 కనిపిస్తే ఆ రాత్రికి చెరువు గట్టు మీద మనిషిని కాపలా పెట్టించండి.