పాత పట్టుకు బంతిపూల రంగు, కొబ్బరి బొండాం డొక్కల రంగు ఎలా వేయాలి?

పట్టుకు చెట్ల రంగు పట్టించడం నూలుకు పట్టించడమంత కష్టం కాదు. పట్టు మాంసకృత్తుల దారం. పటికనీ పూల రంగునీ ఇష్టంగా పీల్చుకుంటుంది. చిక్కంతా బట్ట పాతదవడంలోనే ఉంది. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడత మీద ఉన్న చీర పైకి మెరుస్తూనే ఉంటుంది, మడత దగ్గర మాత్రం చివికిపోయి ఉంటుంది.

అందుకే పొయ్యి వెలిగించే ముందు చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి మడత గీతల వెంట చూడండి. సన్నటి చీలికలు కనిపించినా, మెల్లిగా లాగితే దారం పుటుక్కుమన్నా ఆ భాగాన్ని వేడినీళ్లలో వేయకండి. గట్టిగా ఉన్న ముక్క వేరుచేసుకోండి. జరీ అంచు ఉంటే విప్పేయడం మేలు. అసలు జరీ అయితే పటిక నీళ్లలో నల్లబడే ప్రమాదం ఉంది.

అది పట్టేనా అన్నదీ తేల్చుకోండి. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చితే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య పొడి కావాలి. గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. దానికి ఈ రంగులు నిలవవు. ఇంకో మాట: ఇవి పలచని రంగులు, కింది రంగును కప్పవు. నీలం మీద బంతి వేస్తే ఆకుపచ్చే వస్తుంది. క్రీమ్, లేత గులాబీ, వెలిసిన గంధం రంగు బట్టలతో మొదలుపెట్టండి.

ఉతకడం, నీళ్లు

ఐదారు కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన నురుగును గోరువెచ్చని నీళ్లలో కలిపి, బట్టను 20 నిమిషాలు ఉంచి జాడించండి. చాకలిసోడా వద్దు, క్షారం పట్టును తినేస్తుంది. గంజి గానీ చెమట గానీ మిగిలితే రంగు అక్కడ మరకలుగా పడుతుంది.

గోదావరి డెల్టాలో అసలు పరీక్ష నీళ్లదే. తీరం దగ్గరి బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, కొన్నిచోట్ల ఇనుమూ ఉంటుంది. బోరు నీళ్లు స్టీలు బకెట్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దుటికి అడుగున ఎర్రటి తుప్పు తేరుకుంటే ఆ నీళ్లు పనికిరావు; బంగారు పసుపు రావలసినచోట పాచిరంగు వస్తుంది. పట్టిన వాన నీళ్లు అన్నిటికన్నా మంచివి, లేకపోతే టిన్ను నీళ్లు.

పటిక

ఇక్కడి కొలతలన్నీ 100 గ్రాముల పొడిబట్టకు. 12 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించి, 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలపండి. బట్టను తడిపి వేసి రాత్రంతా ఉంచండి. పొడిగా వేస్తే పటిక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ఎక్కువ పటిక వేస్తే రంగు పెరగదు, పట్టు జిగటగా బిరుసెక్కుతుంది.

బంతిపూల పసుపు

కడియపులంక పూల మార్కెట్‌లో వాడిపోయి మిగిలిన పూలైనా, దసరాకు గుమ్మానికి కట్టి తీసేసిన దండలైనా సరిపోతాయి. పచ్చి రేకులు 300 గ్రాములు, ఎండినవైతే 100. పచ్చటి తొడిమ గిల్లేయండి, దానివల్ల పసుపు పచ్చదనానికి తిరుగుతుంది. స్టీలు గిన్నెలో 5 లీటర్ల నీళ్లు పోసి, సన్నమంట మీద 45 నిమిషాలు మరిగించి, రెండు పొరల పల్చటి గుడ్డలో వడకట్టండి. ఒక్క రేకు బట్టకు అంటుకుని ఉండిపోయినా అక్కడ చుక్క పడుతుంది.

రసం గోరువెచ్చగా చల్లారాక తడి బట్ట వేసి, మెల్లిగా వేడి పెంచండి. 80 డిగ్రీలు దాటనివ్వకండి, అంటే రసం తెర్లకూడదు. తెర్లితే పట్టు మెరుపు పోతుంది, ముడతలు పడితే ఇస్త్రీకి కూడా లొంగవు. చెక్క కర్రతో కదుపుతూ 40 నిమిషాలు ఉంచి, దించి, ఆ రసంలోనే చల్లారనివ్వండి. తడి మీద ముదురుగా కనిపించి ఆరాక తేలుతుంది. కంగారుపడి మళ్లీ ముంచకండి.

బొండాం డొక్కలు

బొండాం నరికిన కత్తిని చూస్తే అంచున నల్లటి మరక ఉంటుంది. డొక్కలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడిందన్నమాట. ఆ వగరే ఇక్కడ రంగు. లేత డొక్కలు అరకిలో ముక్కలు చేసి రెండు రోజులు నానబెట్టి, గంటసేపు మరిగించి వడకట్టండి. మిగతా పద్ధతి బంతిదే. బిస్కెట్ రంగు నుంచి లేత ఎరుపు గోధుమ దాకా వస్తుంది, కాయ ముదురును బట్టి మారుతుంది.

రంగు ముదరాలంటే అన్నభేది (ఇనుప లవణం) 1 గ్రాము వేరే గిన్నెలో నీళ్లలో కరిగించి, రంగేసిన బట్టను ఐదు నిమిషాలు ముంచి బాగా జాడించండి. పసుపు పాచిరంగవుతుంది, గోధుమ బూడిదరంగవుతుంది. అయితే ఇనుము కాలక్రమాన పట్టును పెళుసుగా చేస్తుంది. అమ్మమ్మ పెళ్లిచీర లాంటి వాటికి ఇది వద్దే వద్దు.

పాత నూలు బట్టకైతే పటికకు ముందు 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాలి. ఇక వంటింటి పసుపుతో మాత్రం మొదలుపెట్టకండి. మొదట కళ్లు చెదిరేలా ఉంటుంది, కానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది.

నీడలో ఆరేసి, వారం ఆగాక చన్నీళ్లలో కుంకుడు రసంతో ఉతకండి. రంగేసిన చిన్న ముక్కను సగం అట్ట కింద, సగం ఎండ తగిలే కిటికీలో రెండు వారాలు ఉంచండి. రెండు సగాలకూ తేడా కనిపించకపోతేనే చీరంతా ముంచండి.