లినక్స్‌లో తేదీ రూపాన్ని నిర్ణయించే లొకేల్‌ను సరిచేసుకోవడం

04/07/2024 అని తెరపై కనిపిస్తే మనం జూలై 4 అని చదువుకుంటాం. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌తో, అంటే ఆ దేశపు భాష, తేదీ రూపం వంటి అలవాట్లను చెప్పే అమరికతో, నడిచే యంత్రం మాత్రం దాన్ని ఏప్రిల్ 7 అనే ఉద్దేశంతో చూపుతుంది. నెలలో మొదటి 12 రోజులూ ఈ తేడా ఎవరి కంటా పడదు. 13వ తేదీ వచ్చాకే బయటపడుతుంది.

ముందుగా టెర్మినల్‌లో లొకేల్ అనే కమాండ్ ఇచ్చి ప్రస్తుత అమరికలను చూడాలి. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న విలువలు ఎవరూ విడిగా పెట్టినవి కావు, వేరే అమరిక నుంచి వచ్చినవి. మిగతా అన్నిటినీ తోసిపుచ్చే ఎల్‌సీ_ఆల్ అనే అమరికకు విలువ ఉంటే తేదీ విషయంలో అదే చెల్లుతుంది. అది ఖాళీగా ఉంటే తేదీ, సమయాల కోసమే ఉన్న ఎల్‌సీ_టైమ్, అదీ లేకపోతే అన్నిటికీ ఉమ్మడిదైన ల్యాంగ్ వర్తిస్తాయి. ఎల్‌సీ_టైమ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేదంటే, మొదట అనుమానించవలసింది ఎల్‌సీ_ఆల్‌నే.

కోరుకున్న లొకేల్ యంత్రంలో ఉండటం కూడా అవసరం. తెలుగు లొకేల్ లేని చోట దాన్ని అడిగితే, తేదీ చూపే డేట్ కమాండ్ ఏ ఫిర్యాదూ చేయకుండా, సీ అనే మూల లొకేల్ ప్రకారం ఇంగ్లిష్‌లోనే తేదీ చూపుతుంది. డెబియన్, ఉబుంటులలో ఈటీసీ డైరెక్టరీలోని లొకేల్.జెన్ ఫైలులో తెలుగు లొకేల్ వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, లొకేల్-జెన్ కమాండ్ నడిపితే అది తయారవుతుంది. ఆ తరువాత ఆ లొకేల్‌ను అడిగితే తేదీలోని నెల, వారం పేర్లు తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి.

యంత్రం మొదలయ్యేటప్పుడు సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో శాశ్వత మార్పుకు లొకేల్‌సీటీఎల్ అనే కమాండ్ ఉంది. అయితే కొత్త విలువ ఇచ్చినప్పుడు పాత అమరికలు తొలగిపోతాయి కాబట్టి, ఎల్‌సీ_టైమ్‌తోపాటు ల్యాంగ్ విలువనూ అదే ఆదేశంలో ఇవ్వాలి. మళ్లీ లాగిన్ అయ్యాకే మార్పు కనిపిస్తుంది. గడియారం మాత్రం దీనితో కదలదు, టైమ్‌జోన్ వేరే అమరిక.

స్క్రిప్టుల్లో, అంటే కమాండ్లను వరుసగా రాసి పెట్టిన ఫైళ్లలో, మాత్రం లొకేల్‌ను నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. డెబియన్, ఉబుంటుల సాధారణ అమరికలో దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మన ల్యాప్‌టాప్ లొకేల్‌ను సర్వర్‌కు మోసుకుపోతుంది. నిర్ణీత సమయాల్లో పనులు నడిపే క్రాన్, మనం కమాండ్లు ఇచ్చే షెల్ అమరికలను చదవదు. అందువల్ల చేత్తో నడిపినప్పుడు సరిగా వచ్చిన తేదీ రాత్రి క్రాన్‌లో మరో రూపంలో రావచ్చు. డేట్ కమాండ్‌కు ప్లస్, శాతం గుర్తు, పెద్ద ఎఫ్ కలిపి ఇస్తే 2024-07-04 అనే ఐఎస్‌ఓ 8601 రూపం వస్తుంది, ఫైళ్ల పేర్లలో వాడితే అవి కాలక్రమంలోనే అమరుతాయి. నెల పేరును స్క్రిప్టు చదవక తప్పని చోట, ఆ ఒక్క కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్‌ను సీ అని పెట్టాలి.