ఎక్స్‌పోర్ట్ చేశాక అంచులు రంపపు పళ్లలా వస్తే

డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో నున్నగా ఉన్న అక్షరం జేపీజీ చేయగానే మెట్లు మెట్లుగా మారుతుంది. తిరుపతి గంగమ్మ జాతర ఫ్లెక్సీకైనా, చిత్తూరులో వేసే పెళ్లిపత్రికకైనా ఇదే తంటా. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో నిలువు, అడ్డగీతలు ఎక్కువ కాబట్టి పిక్సెళ్ల గళ్లలో చక్కగా కూర్చుంటాయి. మన తలకట్టు, గుడి, వట్రుసుడి, ఒత్తు అన్నీ వంపులే. అందుకే ఎక్స్‌పోర్ట్‌లో ఏ చిన్న లోపమున్నా తెలుగులో ముందు బయటపడుతుంది.

వెంటనే డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న లెక్క) పెంచకండి. ముందు ఫైలును 100 శాతంలో చూడండి. 67 శాతంలాంటి జూమ్‌లో కనిపించే గరుకు చాలాసార్లు తెరదే, ఫైలుది కాదు. 100లోనూ గరుకుంటే 800 శాతానికి వెళ్లి ఒక ‘ఠ’ అంచును గమనించండి. ఏం కనబడిందన్నదాన్ని బట్టే మందు.

అంచులో అక్షరం రంగు, వెనక రంగు తప్ప మధ్య ఛాయలే లేవా? యాంటీ ఎలియాసింగ్, అంటే అంచులో మధ్య ఛాయలు నింపి నునుపు చేసే పని, ఆగిపోయి ఉంది. కోరెల్‌లో ‘కన్వర్ట్ టు బిట్‌మ్యాప్’ (పిక్సెళ్ల బొమ్మగా మార్చే) పెట్టెలో దానికి టిక్ పెట్టండి. కలర్ మోడ్ 1-బిట్ నలుపు తెలుపులో ఉంటే టిక్ పెట్టినా లాభం లేదు, ఆ మోడ్‌లో ఛాయలకు చోటే లేదు; ఆర్‌జీబీకో గ్రేస్కేల్‌కో మార్చండి. ఇలస్ట్రేటర్‌లో బొమ్మలకు ‘ఆర్ట్ ఆప్టిమైజ్డ్’ ఎంచుకోండి.

ఛాయలున్నా మెట్లు పెద్దవిగా ఉంటే పిక్సెళ్లు చాలలేదు. ఇంక్‌స్కేప్ మామూలుగా 96 డీపీఐతో ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. 5×7 అంగుళాల పత్రికకు అలా వచ్చేది 480×672 పిక్సెళ్లే. 300 పెడితే 1500×2100 వస్తాయి. దూరం నుంచి చూసే 10×6 అడుగుల ఫ్లెక్సీకి అసలు సైజులో 72 సరిపోతుంది, అంటే 8640×5184. చిన్న జేపీజీని ఫోటోషాప్‌లో సాగదీస్తే మసకే పెరుగుతుంది. వెక్టర్ ఫైలుకు (పిక్సెళ్లు కాక గీతలుగా ఉన్న అసలు డిజైన్‌కు) వెళ్లి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాల్సిందే.

అంతా బాగుండి ఒక్క లోగోనే పగిలితే అది వెక్టర్ కాదు, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫోటో. రంగులు లేకుండా గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్ వ్యూలో గీతల బదులు పెట్టెలా కనిపిస్తుంది. ఆటో ట్రేస్ కన్నా చేత్తో తిరగగీయడమే మేలు. నీడలు మాత్రమే పగిలితే ఇలస్ట్రేటర్‌లో ‘డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్’ 72 నుంచి 300కు మార్చండి.

అంచు చుట్టూ మురికి చుక్కలుంటే జేపీజీ కుదింపు. పసుపు మీద ఎరుపు అక్షరాలకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే జేపీజీ వెలుగు కన్నా రంగు వివరాన్నే ముందు తగ్గిస్తుంది. పీఎన్‌జీ వాడండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. తెల్లని అంచు కనిపిస్తే జిఫ్‌ను వదిలి పారదర్శక పీఎన్‌జీ చేయండి. జిఫ్‌లో సగం పారదర్శకత ఉండదు.

శ్రీకాళహస్తి కలంకారీ అంచులాంటి డిజైన్లలో ఆనుకున్న రెండు రంగుల మధ్య వెంట్రుకంత తెల్లగీత వస్తుంది. రెండు అంచులనూ విడివిడిగా నునుపు చేయడంవల్ల వెనక తెలుపు తొంగిచూస్తుంది. కింది ఆకారం అంచును పైదాని కిందికి కొంచెం జరపండి. అన్ని ఆకారాల అంచులనూ జరపలేకపోతే యాంటీ ఎలియాసింగ్ ఆపి నాలుగింతల సైజులో ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోటోషాప్‌లో బైక్యూబిక్ (సైజు మార్చే ఒక పద్ధతి)తో 25 శాతానికి తగ్గించండి.

స్క్రీన్ ప్రింటింగ్ ఫిల్మ్‌కు మాత్రం ఇదంతా తలకిందులు. అక్కడ బూడిద ఛాయ నిలవదు, చుక్కలుగా విరిగి అంచు మళ్లీ గరుకవుతుంది. యాంటీ ఎలియాసింగ్ లేకుండా 1-బిట్, 1200 డీపీఐ ఇవ్వండి. ఒక్కో మెట్టు 0.02 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. ప్రెస్ వాళ్లు పీడీఎఫ్ తీసుకుంటామంటే బిట్‌మ్యాప్ జోలికే పోకుండా, కోరెల్‌లో కంట్రోల్+క్యూతో అక్షరాలను కర్వ్స్ (ఫాంట్‌తో పనిలేని గీతలు) చేసి పంపండి.