మన ఊరి చప్పుళ్ళు: రికార్డు చేయడం, వినడం

పడుకునే ముందు యూట్యూబ్‌లో వాన చప్పుడు పెట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. మంచిదే. కానీ ఎక్కడో తెలియని అడవిలో కురిసిన వాన కంటే, మీరు పుట్టి పెరిగిన ఊరి చప్పుడు మనసుని తొందరగా నెమ్మదింపజేస్తుందని నా గట్టి నమ్మకం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఉండేది హైదరాబాద్‌లో, మెయిన్ రోడ్డు పక్క ఫ్లాట్‌లో. రాత్రిళ్ళు అమ్మా నేనూ వినేది మా చేలో బోదె, అంటే చిన్న పంటకాలవ, చప్పుడే.

ముందు ఎందుకు వినాలనుకుంటున్నారో తేల్చుకోండి. నిద్ర కోసమైతే ఒకే తీరున సాగేవి కావాలి: పారే నీళ్ళు, కీచురాళ్ళు, దూరం నుంచి వినిపించే కప్పలు. కోకిల నిద్రకి పనికిరాదు. మగ కోకిల కూత కూతకీ స్వరం పెంచుకుంటూ పోతుంది, మన చెవి దాని వెంటే వెళ్తుంది. పిట్టల కూతల్ని పొద్దున కాఫీ వేళకో, ఆఫీసు టెన్షన్‌తో ఇంటికొచ్చిన సాయంత్రానికో ఉంచుకోండి. అమెరికా, కెనడా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2021లో చెప్పిందేమిటంటే, ఒత్తిడీ చిరాకూ తగ్గించడంలో పక్షుల కూతలు, మనసుకి హాయినివ్వడంలో నీటి చప్పుడు ముందున్నాయట.

ఇంట్లో పెద్దవాళ్ళు వింటుంటే ఇంకో సంగతి. తీతువు అరిస్తే కీడని మనవైపు భయం. అర్ధరాత్రి ఆ అరుపు వింటే అమ్మ లేచి కూర్చుంటుంది. అలాంటి ముక్క ఉంటే కోసేయండి. దూరాన కుక్క మొరిగినా, సైకిల్ బెల్లు మోగినా మాత్రం ఉంచేయండి, అవి కూడా ఊరే.

రికార్డింగ్‌కి ఖరీదైన మైకులు అక్కర్లేదు, ఫోను చాలు. అయితే ఫోన్లో ఉండే వాయిస్ రికార్డర్ మన మాటల కోసం తయారైంది. ఆగకుండా సాగే చప్పుడేదైనా దానికి అనవసరపు రొదే, కీచురాళ్ళని శుభ్రంగా తుడిచిపెట్టేస్తుంది. సెట్టింగ్స్‌లో నాయిస్ రిడక్షన్ ఉంటే ఆపేయండి. ఫైలు వేవ్ (చప్పుడుని కుదించకుండా దాచే) రకంలో తీసుకోండి, ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో అయితే ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చండి. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మైకు ఉన్న కింది అంచుకి పాత సాక్సు తొడగండి. గాలి కొట్టే బరబర చాలావరకు తగ్గుతుంది.

గోదావరి కాలవలు వేసవిలో కట్టేస్తారు కాబట్టి నీటి చప్పుడుకి సార్వా (వానాకాలం వరి) నాట్ల రోజులు మంచివి. బోదెలోంచి తూము ద్వారా నీళ్ళు చేలోకి పడుతుంటాయి కదా, సరిగ్గా ఆ పడేచోట ఫోన్ పెట్టకండి. రికార్డింగ్‌లో అది కుళాయి విప్పి వదిలేసినట్టు ఉంటుంది. నాలుగడుగులు పక్కకి, నీళ్ళు గడ్డి దుబ్బుల మధ్య నుంచి మళ్ళే చోటుకి రండి. అక్కడ సన్నటి గలగల, మధ్యలో ఒక బుడగ చిట్లిన చప్పుడు, వెనక తూము మోత పల్చగా వినిపిస్తాయి. మీక్కావాల్సింది అదే.

కప్పలకి తొలకరి వానలు పడ్డ రాత్రులు వెళ్ళండి. అడుగుల అలికిడికి ఠక్కున ఆపేస్తాయి. ఫోన్‌ని మడిచిన తువ్వాలు మీద పెట్టి దూరంగా వచ్చేయండి, కాసేపటికి ఒకటి మొదలెడుతుంది, తర్వాత అన్నీ అందుకుంటాయి. కనీసం అరగంట వదిలేయండి. గట్ల మీద పాములుంటాయి, టార్చి లేకుండా, ఒంటరిగా వెళ్ళొద్దు.

అరగంట ఎందుకంటే, చిన్న ముక్కని తిప్పితిప్పి వేస్తే ఎక్కడ మళ్ళీ మొదలైందో చెవి పట్టేస్తుంది. ఒకసారి పట్టిందంటే ఇక నిద్ర రాదు, ఆ చోటు కోసమే కాచుకుని ఉంటాం.

వినేటప్పుడు ఇయర్‌ఫోన్స్ వద్దు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ని తల దగ్గర కాకుండా కిటికీ పక్కన పెట్టండి, బయటి నుంచి వస్తున్నట్టుంటుంది. ఫోన్ స్పీకర్లో కీచురాళ్ళు బాగానే పలుకుతాయి గానీ బోదురుకప్పల గొంతులోని బరువు రాదు. సౌండు ఎంత అంటే, ఫ్యాన్ మోత మీద అందీ అందనట్టు. రోడ్డు మీది హారన్లని ముంచేద్దామని పెంచితే అదీ ఇంకో రొదవుతుంది. టైమర్ పెట్టుకోండి. ఐఫోన్‌లో క్లాక్ టైమర్‌కి స్టాప్ ప్లేయింగ్ అనేది ఉంది, సమయం కాగానే పాట అయినా చప్పుడైనా ఆగిపోతుంది. యూట్యూబ్‌లో వింటే మధ్యలో యాడ్ వచ్చి లేపేస్తుంది, అందుకే ఫైలు ఫోన్లోనే ఉండాలి.

ఊరికి వెళ్ళే వీలు లేనివాళ్ళకి, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్ళకి, జెనో-కాంటో అనే వెబ్‌సైట్ ఉంది. 2005 నుంచి లోకం నలుమూలల వాళ్ళు రికార్డు చేసిన పక్షి కూతలు అక్కడ ఉచితంగా వినొచ్చు. పక్షి పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, దేశం ఇండియా అని ఎంచుకోండి. నీటి చప్పుడు కావాలంటే మాత్రం ఊళ్ళో ఉన్న తమ్ముణ్ణో, మేనకోడల్నో అడగండి. పైన చెప్పిన సాక్సు సంగతి కూడా చెప్పండి, మర్చిపోతారు.

ఫైలుకి వెంటనే పేరు పెట్టండి: నెల, చోటు, వేళ, ఏ పంట అన్నది. రెండో కాపీ ఒకటి కంప్యూటర్లో దాచండి. వచ్చే ఏడు ఆ బోదెకి సిమెంటు చేయిస్తే ఆ చప్పుడు మళ్ళీ దొరకదు.