చిన్న తెరచాప పడవ – 6వ పాఠం: గాలి పెరిగినప్పుడు

గడచిన పాఠంలో ఎదురుగాలికి అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ ముందుకు సాగడం నేర్చుకున్నాము. ఆ పాఠమంతా 8 నాట్లకు, అంటే గంటకు 15 కిలోమీటర్లకు మించని గాలిని దృష్టిలో పెట్టుకొని రాసినది. కార్తీకం దాటి ఈశాన్యపు గాలి నిలకడగా వీచే రోజుల్లో అది చాలదు.

ముందుగా ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంటే 8 నాట్ల గాలిలో పడవ అంచున సుఖంగా కూర్చొని నిలబెట్టుకున్న పడవనే 16 నాట్లలో నిలబెట్టాలంటే మీలాంటి వారు మరో ముగ్గురు పక్కన కూర్చోవలసి వస్తుంది. వారు ఎలాగూ ఉండరు కనుక మోయలేని బలాన్ని పారబోయడమే దారి. ఎప్పుడు, ఎంత, ఏ వరుసలో పారబోయాలన్నదే ఈ పాఠం. కండబలం ఉన్నవారికి ఇది ఆలస్యంగా వంటబడుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వారు తాడును వదలడానికి బదులు ఇంకా గట్టిగా లాగుతారు.

గాలి అంచనా తిరుపతిలో బయలుదేరక ముందే మొదలుపెట్టవచ్చు. వీధిలో దుమ్మూ చిత్తుకాగితాలూ లేచి, చెట్ల చిన్న కొమ్మలు కదులుతుంటే అది బోఫోర్ట్ కొలతలో 4వ స్థాయి, అంటే 11 నుంచి 16 నాట్లు. ఆకులతో నిండిన చిన్న చెట్లు మొత్తంగా ఊగడం మొదలైతే 5వ స్థాయి, 17 నుంచి 21 నాట్లు. మొదటిది ఈ పాఠానికి తగిన గాలి. రెండవది మీకు ఇంకా తగినది కాదు. అయితే ఊళ్లోని గాలీ నీటి మీది గాలీ ఒకటి కావు, ఇళ్లూ కొండా అడ్డుపడతాయి కనుక తడ చేరాక పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడి పావుగంటసేపు మళ్లీ చూడాలి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వాతావరణ శాఖ హెచ్చరించిన రోజున ఇంటి నుంచే కదలకూడదు.

గాలి బలం కంటే దాని దిక్కు ముఖ్యం. తడ ఊరు ఆ సరస్సుకు పడమటి ఒడ్డున ఉంది. ఈశాన్యపు గాలి మిమ్మల్ని ఒడ్డు వైపుకే నెడుతుంది: పడవ దించడం కష్టం, తిరిగి రావడం తేలిక, ఏదైనా విరిగినా కొట్టుకొచ్చేది ఒడ్డుకే. పడమటి గాలిది ఇందుకు పూర్తిగా విరుద్ధమైన స్వభావం. ఒడ్డు చాటున నీరు అద్దంలా కనిపించి రమ్మని పిలుస్తుంది. అర కిలోమీటరు లోపలికి వెళ్లేసరికి గాలి ముదురుతుంది, ఇంటిదారి ఎదురుగాలి అవుతుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున కొత్తవారు ఒంటరిగా నీటిలోకి దిగకూడదు, దీనికి మినహాయింపు లేదు. అలాగే ఈ సరస్సు పక్షుల అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతించిన చోటే పడవ దించాలి, చలికాలంలో వచ్చే రాజహంసల గుంపులకు దూరంగా ఉండాలి.

ఒడ్డునే పారబోయగల బలాన్ని ఒడ్డునే పారబోయాలి, అంటే చిన్న తెరచాప కట్టుకోవాలి. మనం వాడుతున్న లేజర్ పడవకు మూడు కొలతల తెరచాపలున్నాయి: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. చిన్నది కట్టుకోవడం నామోషీ కాదు. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో పోటీపడిన లేజర్ రేడియల్ తెరచాప 5.76 చదరపు మీటర్లదే.

ఇప్పుడు నీటి మీదికి. ఒడ్డు నుంచి కొంత దూరం పోగానే చేయవలసిన మొదటి పని పడవను ఆపడం. గాలి పక్క నుంచి, కాస్త ముందు వైపు నుంచి తగిలేలా పడవను తిప్పి, మెయిన్‌షీటును పూర్తిగా వదిలేయండి. (షీటంటే గుడ్డ అనుకొని చాలామంది తికమకపడతారు, తెరచాపను లాగిపట్టే తాడు పేరే అది.) తెరచాప జెండాలా కొట్టుకుంటుంది, చప్పుడు భయపెడుతుంది, కానీ పడవ నిమ్మళిస్తుంది. దీనిని విశ్రాంతి స్థితి అందాము. ఎప్పుడు ఊపిరి సలపకపోయినా ఇక్కడికే రావాలి. ఆలోచించకుండా చేయి దానంతట అది తాడు వదిలేలా దీనిని పదిసార్లు సాధన చేయండి.

తరువాత గాలి విసురు. అది చెప్పకుండా రాదు. గాలి వచ్చే వైపు నీటి మీద నల్లని మచ్చ ఒకటి పరుగెత్తుకుంటూ వస్తుంది. అది తాకబోయే క్షణానికి ముందే శరీరాన్ని బయటికి వాల్చండి, తాకగానే షీటును జానెడో మూరెడో వదలండి, అదే సమయంలో చుక్కానితో ముక్కును కొద్దిగా గాలి వైపుకు పోనివ్వండి. విసురు దాటాక అదే కొలతలో తాడును తిరిగి లాగుకోవాలి. పడవ ఒరిగిన తరువాత తాడు వదిలేవారు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు, ఎందుకంటే ఒరిగిన పడవ తనంతట తానే గాలి వైపుకు తిరగజూస్తుంది, చుక్కాని సగం నీటి పైకి తేలి పట్టు కోల్పోతుంది. చుక్కాని పిడి బరువెక్కిందంటే చేతికి బలం చాలడం లేదని కాదు, షీటు వదలవలసిన సమయం దాటిపోయిందని అర్థం.

షీటును చేతికి చుట్టుకోవద్దు. నేర్చుకునే రోజుల్లో, పట్టు జారుతోందని నేను రెండు చుట్లు చుట్టుకున్నాను. విసురు వచ్చింది, చేయి విప్పినా తాడు విడవలేదు, పడవతోపాటు నేనూ బోల్తాపడ్డాను. అరచేతి మీద ఒరుసుకున్న గుర్తు నెల రోజులుంది. వేళ్లకు చేతితొడుగులు వేసుకోండి, చుట్లు మాత్రం వద్దు.

పైన చెప్పినదంతా ఎదురుగాలికీ పక్కగాలికీ చెల్లుతుంది. గాలి వెనుక నుంచి తోస్తున్నప్పుడు నియమం తిరగబడుతుంది: విసురు వచ్చినప్పుడు ముక్కును గాలి వైపుకు తిప్పితే పడవ పక్కకు పడిపోతుంది, కనుక గాలి పోయే వైపుకే నడపాలి. పడవ అటూ ఇటూ ఊగిసలాడుతూ మీ మీదికే ఒరగబోతే తెరచాప మరీ బార్లా తెరుచుకుందని గ్రహించి షీటును కొంత లోపలికి లాగండి. ఇక వెనుకగాలిలో తెరచాపను ఒక పక్క నుంచి మరొక పక్కకు మార్చే జైబ్. చాలామంది గాలి తగ్గేదాకా, పడవ నెమ్మదించేదాకా ఆగుతారు, అది పొరపాటు. పడవ గాలితోపాటు ఎంత వేగంగా పరుగెత్తుతుంటే తెరచాపకు తగిలే గాలి అంత తక్కువ. అందువల్ల పడవ అత్యంత వేగంగా ఉన్నప్పుడే జైబ్ చేయాలి, బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డుకొయ్య) తల మీదుగా వచ్చేటప్పుడు వంగి ఉండాలి. ధైర్యం చాలకపోతే షీటు లాగుకుంటూ గాలి వైపుకు పూర్తిగా చుట్టు తిరిగి రండి. దూరం పెరుగుతుంది, అంతే.

బోల్తా పడడం ఖాయమనుకొనే సాధన చేయాలి. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోవాలి, పడవను వదిలి ఈదుకుంటూ పోకూడదు. సాధారణంగా చెప్పే పద్ధతి మీకు తెలిసినదే: షీటునూ, బూమ్‌ను కిందికి పట్టి ఉంచే కిక్కర్ తాడునూ వదులు చేసి, పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, అడుగుపలక (పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే పలక) మీద బరువు వేసి లేపడం. పులికాట్‌లో మరొక చిక్కుంది. ఇక్కడ చాలాచోట్ల నీరు నడుము లోతే, అడుగున బురద. పడవ పూర్తిగా తిరగబడితే తెరచాప కొయ్య కొన బురదలో దిగబడుతుంది. అప్పుడు భయపడి పడవ వీపు మీదికి ఎక్కితే మీ బరువుకు కొయ్య ఇంకా లోతుకు పోతుంది, వంగిపోవచ్చు కూడా. నీటిలోనే తేలుతూ, ముక్కును పట్టుకొని పడవను మెల్లగా గాలికి ఎదురు తిప్పి, కొయ్య ఏ వాలులో దిగిందో ఆ వాలులోనే వెనక్కి రావడానికి అవకాశమివ్వాలి. బురదలో కాళ్లు దించి నిలబడి బలవంతాన తోయకూడదు, ఊబిలా పట్టుకుంటుంది.

ఈ వారం సాధన: 12 నాట్లకు మించని గాలిలో, తోడు పడవ ఒకటి దగ్గర ఉండగా, విశ్రాంతి స్థితి పదిసార్లు, విసురుకు తాడు వదిలి లాగుకోవడం ముప్పైసార్లు, కావాలని బోల్తా కొట్టి లేపడం రెండుసార్లు. జైబ్‌ను వచ్చే పాఠం దాకా ఆపండి; పొట్టి అలలు ఒకదాని వెంట ఒకటి తగిలే లోతు తక్కువ నీటిలో దానిని ఎలా చేయాలో అప్పుడు చూద్దాము.