సంఘం పనితీరు మార్చడం ఎలా? ఒక్క ఆర్డరు చీటీ వెంట నడిచి చూడండి

ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురంలో సంఘాలకు లోటు లేదు. నేతకారుల సహకార సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, వీధి గుడి కమిటీలు, తెలుగువాళ్ల సమాజాలు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు వెళ్లినా ఇదే వరస. ఇలాంటి వాటి లెక్కలు రాస్తూ ఇరవై ఏళ్లు గడిపాను. "కాలం మారింది, మనమూ మారాలి" అన్న మాట వినని మహాసభ లేదు. చప్పట్లు పడతాయి. మర్నాడు ఆఫీసు తలుపు తీస్తే అదే బల్ల, అదే రిజిస్టరు, అదే ఆలస్యం.

ఆ మాటలో తప్పు లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. కొనేవాళ్లు ఫోన్‌లో ఫొటో చూసి చీర అడుగుతున్నారు, ఫోన్‌లోనే డబ్బు కడుతున్నారు. గంజాం కుర్రాళ్లు పని వెతుక్కుంటూ సూరత్ రైలు ఎక్కుతున్నారు. ఇన్ని మారాక సంఘం మారక తప్పదు. అయితే తీర్మానం రాస్తే మార్పు రాదు. పని ఎక్కడ ఆగుతోందో కళ్లారా చూసినప్పుడే దారి దొరుకుతుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి, వచ్చిన మార్పు నిలబడేదాకా ఏం చేయాలో వరసగా చెబుతాను. నా ఉదాహరణ నేత సంఘానిది. మీది పొదుపు సంఘమైనా, బడి అయినా, పదిమంది పనిచేసే దుకాణమైనా పద్ధతి ఇదే.

ముందుగా: ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాయండి

"పనితీరు బాగోలేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "పెళ్లి చీర చెప్పిన రోజుకు అందడం లేదు" అని రాస్తే గుమస్తాకూ తెలుస్తుంది, అధ్యక్షుడికీ తెలుస్తుంది. ఆ వాక్యం బోర్డు సభ్యుల నోట కాకుండా కౌంటర్లో కూర్చునేవాళ్ల నోట, నేసేవాళ్ల నోట, చీర కోసం రెండుసార్లు తిరిగి వెళ్లిన వాళ్ల నోట రావాలి. ఇబ్బందులు పది ఉంటాయి. ఒక్కటే తీసుకోండి.

రెండో అడుగు: పని వెంట నడవండి

మీటింగులో కూర్చుని పని ఎలా జరుగుతోందని అడిగితే, ఎలా జరగాలో చెబుతారు. నిజంగా ఎలా జరుగుతోందో తెలియాలంటే దాని వెనకే వెళ్లాలి. టయోటా కంపెనీ ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైయిచి ఓనో, ఫ్యాక్టరీ నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, ఇంజనీర్లను అందులో నిలబెట్టి గంటల తరబడి చూడమనేవాడని చెబుతారు. మనకు ఒక ఆర్డరు చీటీ చాలు.

నేను చేసింది చెబుతాను. ఒక సంఘంలో పెళ్లి పట్టుచీరకు ఆర్డరు రాశారు. గోపురాల వరసలా ఉండే ఫోడా కుంభం అంచు, ఎరుపు ఒళ్లు. ఆ చీటీ కార్బన్ కాపీని జేబులో పెట్టుకుని, అసలు చీటీ ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లాను. ఆగిన ప్రతిచోటా తేదీ రాసుకున్నాను.

సోమవారం రాసిన చీటీ కౌంటరు సొరుగులోకి వెళ్లింది. కార్యదర్శి శనివారం వచ్చి సంతకం పెట్టేదాకా అక్కడే ఉంది, 5 రోజులు. స్టాకు గదిలో చిలపలు, అంటే నూలు చుట్టలు, తూచి ఇవ్వడానికి పట్టింది పావుగంటే, కానీ తాళం చెవి ఉన్న మనిషి మర్నాటికి గానీ దొరకలేదు. రంగు వేసే ఇంట్లో మళ్లీ ఆగింది. ఒక్క చీర చిలపల కోసం పొయ్యి వెలిగిస్తే కట్టెలూ దండగ, రంగూ దండగ. అదే ఎరుపుకు ఇంకో మూడు ఆర్డర్లు వచ్చేదాకా 11 రోజులు చూశారు. రంగు వేసి ఆరబెట్టడానికి 2 రోజులు, పడుగు సిద్ధం చేయడానికి 4, మగ్గం మీద నేతకు 9. నేసిన చీర కౌంటరుకు వచ్చాక మళ్లీ సంతకం కోసం 2 రోజులు.

మొత్తం 34 రోజులు. అందులో మనిషి చేయి పడిన రోజులు 15. మిగిలిన 19 రోజులు చీటీయో, నూలో, చీరో ఎక్కడో ఒకచోట ఊరికే పడి ఉంది.

చీటీ వెనక రాసిన తేదీలు చూపించినప్పుడు ఆ మగ్గం పెద్దాయన చాలాసేపు కాగితం వైపే చూశాడు. "నేత ఆలస్యమని మమ్మల్నే అంటారు బాబూ. నూలు రాక మగ్గం ఎండుతుంటే ఎవరూ తొంగిచూడరు" అన్నాడు. ఆ నెల బోర్డు అజెండాలో ఏముందో తెలుసా? త్వరగా నేసినవాళ్లకు బోనస్. పని ఆగిన చోటు ఒకటి, డబ్బు పెట్టబోయిన చోటు మరొకటి. అందుకే ఈ అడుగు దగ్గర తొందరపడొద్దని ఇంతగా చెబుతున్నాను. కనీసం మూడు చీటీల వెంట నడవండి, అది కూడా వేర్వేరు నెలల్లో.

మూడో అడుగు: "ఎందుకు" అని అడుగుతూ వెళ్లండి

టయోటాలో దీన్ని ఐదుసార్లు అడగమంటారు. చీర ఎందుకు ఆలస్యం? నూలు ఆలస్యం. నూలు ఎందుకు? రంగు దగ్గర ఆగింది. అక్కడెందుకు? ఒకే రంగు ఆర్డర్లు ఒకేసారి చేరడం లేదు. ఎందుకు? చీటీలు శనివారం దాకా కదలవు. శనివారమే ఎందుకు? ప్రతి చీటీకీ కార్యదర్శి సంతకం ఉండాలన్న నిబంధన ఉంది.

ఇక్కడే ఆగి ఇంకో ప్రశ్న వేయాలి: ఈ నిబంధన ఎందుకు వచ్చింది? పాత మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే దొరికింది. ఎప్పుడో ఒకసారి నూలు తీసుకెళ్లిన మనిషి చీర తిరిగివ్వలేదు. ఆ నష్టం మళ్లీ రాకూడదని ఈ సంతకం నిబంధన పెట్టారు. పాత నిబంధన కదా అని చూడకుండా కొట్టేస్తే ఆ నష్టమే మళ్లీ వస్తుంది. నూలుకు కాపలా ఉండాలి, చీటీ మాత్రం ఆగకూడదు.

సంస్థలు ఎలా నేర్చుకుంటాయో పరిశోధించిన క్రిస్ ఆర్గిరిస్ దీనికి, గది వేడిని ఒకే డిగ్రీ దగ్గర నిలిపే థర్మోస్టాట్ ఉదాహరణ చెప్పేవాడు. గది చల్లబడితే హీటరు వేయడం ఒక రకం నేర్పు. అసలు ఆ డిగ్రీకే ఎందుకు పెట్టామని అడగడం రెండో రకం. మన సంఘాలు మొదటిదాంట్లో ఆరితేరాయి, ఆలస్యమైతే ఫోన్ చేసి తొందరపెడతాయి. రెండోదాని జోలికి వెళ్లవు.

నాలుగో అడుగు: రెండు మూడు అంకెలు, అందరికీ కనిపించేలా

ఆర్డరు నుంచి అందజేత దాకా ఎన్ని రోజులు, నెలలో మగ్గం ఖాళీగా ఉన్నవి ఎన్ని రోజులు, తిరిగొచ్చిన చీరలు ఎన్ని. ఇవి చాలు. ఒక్క అంకెనే పట్టుకుంటే ప్రమాదం. కొలతనే గురిగా పెట్టుకుంటే ఆ కొలత మీద ఇక నమ్మకం ఉంచలేం అన్న సంగతిని బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ఎత్తిచూపాడు. చీరల సంఖ్య ఒక్కటే లెక్కపెడితే అంచు పని పలచబడుతుంది. రోజులతో పాటు తిరిగొచ్చిన చీరలను కూడా రాయమన్నది అందుకే.

నల్లబల్ల మీద సుద్దతో రాయండి. కంప్యూటరు తర్వాత చూసుకోవచ్చు. నేను చూసిన ఒక సంఘం ముందే సాఫ్ట్‌వేర్ కొనేసింది. తెర మీద అంతా ఇంగ్లీషే. గుమస్తా కాగితం మీద రాసి, అదే మళ్లీ కంప్యూటర్లో కొట్టేవాడు. పని తగ్గకపోగా రెండింతలయింది. ఏడాది తిరక్కుండానే దాని మీద గుడ్డ కప్పారు. వచ్చిన డబ్బు అలా పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అది నేతగాళ్ల వాటా సొమ్ము.

ఐదో అడుగు: నష్టపోతానని భయపడేవాళ్లతో ముందే కూర్చోండి

కార్యదర్శికి సంతకం అంటే పెత్తనం, పరువు. స్టాకు గుమస్తాకు తాళం చెవి అంటే అంతే. వాళ్లను తప్పించి మార్పు తేవాలని చూస్తే, నోటితో సరేనంటారు, పని మాత్రం కదలదు.

కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి నేర్పాడు. మనిషిని ముందుకు నెట్టే బలం పెంచితే, ఎదురు బిగుసుకునే బలమూ పెరుగుతుంది. వెనక్కి పట్టి ఉంచేదేదో చూసి దాన్ని తగ్గించడం మేలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా గృహిణుల చేత అలవాటు లేని మాంస భాగాలు వండించాలని ఆయన ప్రయోగం చేశాడు. కొందరికి ఉపన్యాసం ఇచ్చారు, కొందరిని గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడుకుని తామే నిర్ణయించుకోమన్నారు. ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మందే వండారు. తాము మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం మంది వండారు. మహాసభ ఉపన్యాసాల ఫలితం మీరే ఊహించుకోవచ్చు.

సరిహద్దు జిల్లాల్లో మనకు ఇంకో చిక్కుంది. సర్కారు కాగితం ఒడియాలో వస్తుంది. పెద్దవాళ్లకు తెలుగు చదవడమే వచ్చు. వాళ్ల మనవలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, వాళ్లు ఒడియా బళ్లోనో ఇంగ్లీషు బళ్లోనో చదివారు. కాబట్టి ఒకే నోటీసు అతికిస్తే సగం మందికి అందదు. రెండు లిపుల్లోనూ రాయండి, దానితో ఆగక మగ్గాల వీధిలో ఒక సాయంత్రం పెద్దగా చదివి వినిపించండి. ప్రశ్నలు అక్కడే వస్తాయి, ఆఫీసులో రావు.

ఇంకో మాట. కొత్త పద్ధతి ఎక్కడి నుంచో తేవాలనుకునే ముందు, మన చేతిలో ఉన్నది చూసుకోండి. రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్రను దేరా నేతగాళ్ల కుటుంబాలు, వాళ్ల పెద్ద దేశిబెహెరా ముందుండి నడిపిస్తారు. ఊరు ఊరంతా కదిలే ఆ ఉత్సవంలో ఎవరి పని ఏదో ఎవరికీ కాగితం రాసి ఇవ్వరు. పని అప్పగించడం తెలియని మనుషులు కారు వీళ్లు. కార్యదర్శితో నేను ఇదే చెప్పాను. సంతకం పూర్తిగా వదులుకోనక్కర్లేదు, యాత్రలోలా ఎవరి మేరకు వాళ్లకు అప్పగించి, లెక్క మాత్రం తాను చూసుకుంటే చాలని. ఒక చీరకు సరిపడే నూలు దాకా గుమస్తాయే ఇచ్చేట్టు, శనివారం ఆ వారం లెక్కంతా కార్యదర్శి సరిచూసేట్టు ఒప్పుకున్నాడు.

ఆరో అడుగు: చిన్నగా చేసి చూడండి

అన్ని మగ్గాలకూ ఒకేసారి వద్దు. మేం 4 మగ్గాలతో, ఒక నెల గడువుతో మొదలుపెట్టాం. అనుకో, చెయ్యి, చూడు, సరిదిద్దు. అమెరికా నాణ్యతా నిపుణుడు వాల్టర్ షూహార్ట్ ఆలోచన నుంచి వచ్చిన ఈ చక్రాన్ని, ఆ దారిలోనే నడిచిన ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి చెప్పిన పాఠాలతో లోకమంతా ఎరిగింది. ఆయన పేరున్న బహుమతిని మన దేశం నుంచి సుందరం క్లేటన్ కంపెనీ 1998లో గెలుచుకుంది. ఇది పెద్ద ఫ్యాక్టరీలకే అనుకోకండి. నాలుగు మగ్గాలకు ఇంకా సులువుగా అతుకుతుంది.

మేం మార్చినవి రెండే. ఒకటి ఆ సంతకం. రెండోది, ఎక్కువగా అడిగే రంగుల చిలపలు ముందే వేయించి పెట్టడం. మొదటి చీర 23 రోజుల్లో వచ్చింది, అందరం సంతోషపడ్డాం. రెండో చీర విప్పి వెలుతురులో పెడితే గుండె జారింది. ఒంటి మీద జానెడు మేర ఎరుపు కాస్త ముదురుగా చారలా కనబడింది. ముందే వేసి ఉంచిన చిలపల్లో రెండు వేర్వేరు వాయిల నూలు, అంటే రెండు వేర్వేరుసార్లు రంగు వేసింది, కలిసిపోయింది. ఒకే ఎరుపే అయినా వాయి మారితే ఛాయ మారుతుంది. రంగు వేసేవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచి తెలుసు, వాళ్లను మేం అడగలేదు. తర్వాత ప్రతి చిలపకూ వాయి నంబరు చీటీ కట్టించాం. ఒక చీరకు ఒకే వాయి. నాలుగు మగ్గాల మీద తేలింది కాబట్టి ఒక్క చీరతో పోయింది.

ఏడో అడుగు: నేర్చుకున్నదాన్ని వ్యవస్థగా మార్చండి

దీనికి మా జిల్లానే సాక్ష్యం. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తుపాను మమ్మల్ని కొట్టింది. పన్నెండు రోజులకే, 29న, సూపర్ సైక్లోన్ ఒడిశా తీరం మీద పడి దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. రాష్ట్రం ఏడ్చి ఊరుకోలేదు. ఆ డిసెంబరులోనే విపత్తుల కోసం ప్రత్యేక సంస్థను పెట్టింది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టింది. సహాయక దళాన్ని తయారుచేసింది. ఊళ్లలో తర్ఫీదు చేయించింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మళ్లీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అప్పటికి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి, మనుషులు మిగిలారు. రాష్ట్రం మొత్తంలో ప్రాణనష్టం పదుల్లో ఆగింది.

రెంటికీ మధ్య పద్నాలుగేళ్లు. అధికారులు మారారు. నేర్చుకున్నది ఎవరో ఒకరి తలలో ఉండి ఉంటే వాళ్లతోపాటే బదిలీ అయిపోయేది. షెల్టరు తాళం ఎవరి దగ్గర, ఎవరిని ఎవరు తీసుకెళ్లాలి అన్నది ఊళ్లో అలవాటుగా మారింది కాబట్టి నిలిచింది.

సంఘంలో కూడా అంతే. మూడు నెలలకోసారి అరగంట కూర్చోండి. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. తప్పు ఎవరిదని ఆ అరగంటలో అడగకూడదు. అడిగితే మరుసటి సారి ఎవరూ నోరు విప్పరు. కొత్త రిజిస్టరు పెడితే పాతది ఒకటి మూసేయండి, లేకపోతే గుమస్తా నడుం విరుగుతుంది.

చివరగా: కార్యదర్శి మారే రోజు

ఎన్నికలవుతాయి, కొత్తవాళ్లు వస్తారు. మంచి మార్పులు ఎక్కువగా మాయమయ్యేది ఆ వారంలోనే. తాళం చెవులు, చెక్కుబుక్కు, క్యాషు పుస్తకం అప్పగించినట్టే దీన్నీ అప్పగించాలి. కొత్త కార్యదర్శిని కుర్చీలో కూర్చోబెట్టకముందే ఆ రోజు కౌంటర్లో రాసిన ఆర్డరు చీటీ ఒకటి చేతికివ్వండి. పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి ఇద్దరూ కలిసి దాని వెంట నడవాలి. స్టాకు గది, రంగు ఇల్లు, పడుగు, మగ్గం. ఆగిన ప్రతిచోటా తేదీ వేయాలి. చీర అందిన రోజున ఆ చీటీని నల్లబల్ల పక్కన మేకుకు గుచ్చి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టాలి.